ముళ్ళెలుకకు దారి

నిరుడు వేసవిలో ఇంగ్లండున మా అల్లునిగారింట మూడు వారాలున్నాము. రాత్రి భోజనాలు కాగానే ఇంటిల్లిపాదీ టెలివిజను ముందు చేరేవారు. బి.బి.సి. వారు 2005 నుండి ఏటేటా చూపే ‘స్ప్రింగ్‌వాచ్’ అది. సింహాలు లేవు, ఏనుగులు లేవు. పిట్ట తన పిల్లలకు పురుగు పెట్టడం, నక్క కూనల ఆటలు, అంతా ఆ దేశపు పెరటి ప్రాణులే. గూటిలో కెమెరా అమర్చి అప్పటికప్పుడు చూపుతారు. మొదట మాకు ఆవులింతలు వచ్చిన మాట నిజం. నాలుగోనాటికి, కడగొట్టు పిల్లకు మేత అందలేదని మా ఇంటావిడకు నిద్ర పట్టలేదు!

ఒకనాడు ముళ్ళెలుక వచ్చింది. కంచెలు అడ్డమై దానికి తిరుగాడ చోటు కరవైందట. అందుకని కంచె అడుగున 13 సెంటీమీటర్ల కంత విడుస్తున్నారు. పక్కింటి దొర కూడ విడిచాడు.

మాకు అన్నూరు మెట్టచేలు మెదిలాయి. మనకూ ముళ్ళెలుక ఉన్నది, దక్షిణదేశంలో తప్ప వేరెక్కడా లేని జాతి. హార్స్‌ఫీల్డు దొర 1851లో శాస్త్రానికెక్కించాడు. మనమో, దాని ముళ్ళు కోరింత దగ్గుకు మందన్నాము. చిన్ననాడు మాకూ అరగదీసి నాకించారు. దగ్గు తన మానాన తాను పోయింది.

తిరిగి వచ్చిన వారానికే సత్తి రోడ్డున ఒకటి బండి కింద నలిగి కనిపించింది. మనవడు దానిని చూడడం అదే మొదలు.

మా చేనికి వేస్తున్న ఇనుపవల కంచెకు చేయి దూరేటంత కంత విడువమన్నాము. మేస్త్రీ ఎగాదిగా చూచి, “పాములొస్తాయి సామీ” అన్నాడు. విడిచాడు.