పాత బండి – కొత్త ఇరుసు

అంబాసిడర్ కారు ఉత్పత్తి 2014లో నిలిచిపోయింది; దానిని అపురూపంగా కాపాడుకొనేవారు మాత్రం నేటికీ ఉన్నారు. అట్టి బండికి వెనుక ఇరుసు విరిగినప్పుడు, పాత సామాన్ల దుకాణంలో దొరికినదానితో సరిపెట్టుకోవడం పొదుపు కాదు, ప్రమాదం. కొత్త ఇరుసు పొడవూ, పళ్ల సంఖ్యా పాతదానితో సరిపోలాలి. బేరింగుతోపాటు ఆయిల్ సీలునూ మార్చాలి. స్వల్ప ఖరీదు గల ఆ సీలు అరిగితే డిఫరెన్షియల్‌లోని నూనె కారి బ్రేకు షూలను తడుపుతుంది. వెనుక బ్రేకులు పట్టు తప్పుతాయి.

విద్యార్థి మిత్రులారా! మన మందమర్రి గనులలో పైకప్పును తట్టి చూడనిదే ముందుకు సాగరాదన్నది కట్టుబాటు. ఆ జాగరూకత మరమ్మతు షెడ్డులోనూ ఉండాలి. కొలవకుండా బిగించే చేయి ఎంత నేర్పు గలదైనా నమ్మదగినది కాదు.