టక్కుమనాలి... ఆగాలి!

సాయంత్రం ఆరు. మైత్రీవనం దగ్గర ఫుట్‌పాత్ మీద నడవాలంటే భుజం అడ్డం పెట్టాల్సిందే. కోర్సుల కరపత్రాలు చేతిలో కుక్కే కుర్రాళ్లు ఓ పక్క. ఫోన్ కవర్లు, ఇయర్‌ఫోన్లు, నెయిల్ కట్టర్లు పరిచిన తోపుడు బండి మరో పక్క. ఆ బండి ముందు ఓ కుర్రాడు నల్లటి మడత చాకును తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. పక్కనే వాళ్ల నాన్న. నల్గొండ వైపు బత్తాయి రైతు. కొడుకు కోర్సు ఫీజు కట్టడానికొచ్చాడు.

‘‘ఒక్క చేత్తోనే తెరుసుకుంటుంది నాయినా...’’

తండ్రి దాన్ని అందుకున్నాడు. తెరిచాడు. బ్లేడును రెండు వేళ్ల మధ్య పట్టుకుని అటూ ఇటూ కదిపాడు. కదిలింది. ‘‘గిది యేలు కోస్తది బిడ్డా’’ అంటూ అంగీ జేబులోంచి తన చాకు తీశాడు.

అది అంటు చాకు. చెక్క పిడి అరిగి నున్నబడింది. రంగ్‌పూర్ నిమ్మ మొక్క బెరడు మీద ఇంగ్లిషు ‘టి’ అక్షరంలా గాటు పెట్టి, బత్తాయి కన్నును అందులో దూర్చి కట్టడానికి వాడేది. అందుకే దాని బ్లేడుకు ఒకవైపే వాలు ఉంటుంది, రెండోవైపు చదును. అలా ఉంటేనే కన్ను కింద కోత సమంగా వస్తుంది. పిడి చివర బెరడును లేపడానికి మొండి నాలుక ఒకటి. బ్లేడు మీది సన్నని నొక్కులో గోరు పెట్టి లాగితే మొదట బరువుగా కదులుతుంది. సగం దాటాక తనంతట తానే ముందుకెళ్లి ‘టక్’మంటుంది.

ఆ ‘టక్’లోనే ఉంది సంగతంతా. పిడి వెన్నులో ఓ ఉక్కు పట్టీ ఉంటుంది. బ్లేడు మడమను అది నిత్యం అదిమిపెడుతుంది. తెరిచినప్పుడూ మూసినప్పుడూ మడమ చదును భాగం పట్టీకి సరిగ్గా ఆనితే ఆ చప్పుడొస్తుంది. పట్టీ నీరసించిన చాకు చప్పుడు చేయదు, మెత్తగా వాలిపోతుంది. స్విట్జర్లాండ్‌లో కార్ల్ ఎల్స్‌నర్ 1884లో పెట్టుకున్న చిన్న కార్ఖానా నుంచి 1897లో వచ్చిన ‘ఆఫీసర్ చాకు’ గొప్పతనం కూడా ఈ పట్టీదే. ఒకే స్ప్రింగుతో పిడికి రెండు వైపులా ఉన్న పనిముట్లను పట్టి ఉంచారు. ఎర్రపిడి విక్టోరినాక్స్‌కు తాతముత్తాత అదే.

ఈ రకానికి ఓ లోపం ఉంది. లాకు ఉండదు. కోస్తే ఫర్వాలేదు కానీ మొనతో పొడిచి తోస్తే బ్లేడు వెనక్కి మడిచి వేళ్ల మీద పడుతుంది. అట్టపెట్టెకు కన్నం పెడుతూ వేలు తెగ్గొట్టుకునేది ఇలాగే.

దీనికి ఫ్రాన్స్ వాళ్ల విరుగుడు ముచ్చటగా ఉంటుంది. జోసెఫ్ ఒపినెల్ 1890లో చేసిన చెక్కపిడి చాకుకు 1955లో ఓ ఉక్కు ఉంగరం తొడిగారు. బ్లేడు తెరిచి ఉంగరం తిప్పితే చాలు, ఇక మూసుకోదు. వానలో తడిస్తే మాత్రం చెక్క ఉబ్బి బ్లేడు బిగుసుకుంటుంది. అప్పుడు పిడి చివరను బల్లకేసి కొడితే మొన బయటకొస్తుంది! మన మామిడికాయ పచ్చడి జాడీ మూతలాగే, దాని గుట్టు తెలిసిన చేతికే లొంగుతుంది.

కుర్రాడు మోజుపడింది మాత్రం ‘లైనర్ లాక్’ మీద. అమెరికాలో మైఖేల్ వాకర్ 1980ల్లో దీన్ని ఇప్పటి రూపానికి తెచ్చాడు. పిడి లోపలి రేకే పక్కకు ఒరిగి బ్లేడు మడమ కింద మేకులా నిలబడుతుంది. మంచి తయారీ అయితే ఇంతకంటే హాయి లేదు. బొటనవేలు తోస్తే నూనె పూసినట్టు జారుతుంది. చవకరకంలో రేకు కాగితంలా ఉంటుంది, మడమ అంచును అంటీ అంటనట్టు తాకుతుంది. కొంచెం గట్టిగా అదిమితే జారిపోతుంది. పైగా మూసేటప్పుడు రేకును నెట్టే బొటనవేలు సరిగ్గా బ్లేడు దారిలోనే ఉంటుంది. వేలు తీశాకే మూయాలి. నాజూకుగా తెరుచుకోవడం చూసి కొనేవాళ్లు ఎక్కువ. ఎలా ఆగుతుందో చూసేవాళ్లు తక్కువ.

కాబట్టి బండి దగ్గరైనా షోరూమ్‌లోనైనా తండ్రి చేసిన పరీక్షే చేయండి. తెరిచి పక్కలకు కదపాలి. పైకీ కిందికీ కదపాలి. మూసి, బ్లేడు పిడి మధ్యలో ఉందా, ఒక పక్కకు ఆనుతోందా చూడాలి. లాకు రకమైతే రేకు మడమ వెడల్పులో కనీసం పావు వంతునైనా పట్టుకోవాలి.

మడత చాకు అనగానే సినిమాల్లో కరకరమంటూ తెరుచుకునే రాంపురి గుర్తుకొస్తుంది కొందరికి. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్‌లో 2023లో ఓ కూడలిలో దాదాపు ఇరవై అడుగుల చాకు నిలబెట్టారు కూడా. ఇళ్లల్లో, పొలాల్లో వాడే వాటిని మినహాయించి 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు ఉన్న బ్లేడును ఆయుధ నిబంధనలు ఆయుధాల జాబితాలో చేర్చాయి. విమానమెక్కేవాళ్లకు పొడవుతో సంబంధం లేదు. చేతిసంచిలో పెట్టకండి, చెక్‌ఇన్ సామానులో వేయండి. ఈ మాట మైత్రీవనంలో కోర్సు ముగించి అమెరికా బాట పట్టే పిల్లలకు మరీ అవసరం. నాన్న ఇచ్చిన చాకు శంషాబాద్ తనిఖీ దగ్గరే మిగిలిపోతే బాధ కదా.

కుర్రాడు నల్ల చాకును బండి మీద పెట్టేశాడు. ‘‘రెండొందలకిస్తా అన్నా’’ అంటున్నాడు బండి అబ్బాయి. కుర్రాడి చూపు తండ్రి చేతిలోని అంటు చాకు మీదుంది. అడిగి తీసుకున్నాడు. గోటితో లాగాడు. టక్. మూశాడు. టక్.

‘‘ఇది నాకియ్యి నాయినా.’’

‘‘ఇంకో వంద మొక్కలకు అంటు కట్టేదుంది. అయినంక ఇస్త’’ అన్నాడు తండ్రి, చాకు అందుకుని జేబులో వేసుకుంటూ. మెట్రోలో సంచులు తనిఖీ చేస్తారని గుర్తుకొచ్చి ఇద్దరూ సిటీ బస్టాపు వైపు నడిచారు.