నల్లా తిప్పితే కృష్ణమ్మ వస్తుంది, సముద్రం రాదు

మొన్నామధ్య మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడొకడు భోజనాల దగ్గర నా పక్కన కూర్చుని, "అన్నా, మీ ఇంట్లో ఉప్పునీళ్ళ అక్వేరియం ఉండేదట కదా, ఏమేం సామాన్లు కొనాలో లిస్టు పంపిస్తారా?" అని అడిగాడు. "ఉండేదట" అన్నాడు చూశారూ, అసలు కథంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

లిస్టు పంపాను. కింద "నా మాట విని ఈ పని పెట్టుకోకు" అని కూడా రాశాను. ఎందుకు వద్దో టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని సరిగ్గా చెప్పలేకపోయాను. ఆ చెప్పలేకపోయింది ఇప్పుడు చెప్తాను.

ఉప్పునీళ్ళ తొట్టికి ఖర్చెక్కువ అని అందరూ అంటారు. నిజమే. కానీ ఎందుకెక్కువ? చేపలు ఖరీదని కాదు. మంచినీళ్ళ తొట్టికి కావలసిన దాంట్లో సగం మన ఊరే ఇచ్చేస్తుంది. ఉప్పునీళ్ళ తొట్టికి కావలసింది మన ఊరు ఒక్కటీ ఇవ్వదు. ఇవ్వని ప్రతిదానికీ ఒక మెషీను కొనాలి, ఆ మెషీనుకి ఇరవై నాలుగ్గంటలూ కరెంటు ఇవ్వాలి. తేడా అంతా ఇక్కడే ఉంది.

మా వనస్థలిపురం సంగతే చూడండి. నాగార్జునసాగర్ నీళ్ళు కోదండాపూర్ దగ్గర శుద్ధి అయ్యి, వంద కిలోమీటర్ల పైచిలుకు పైపుల్లో ప్రయాణం చేసి, మా పక్కనే ఉన్న సాహెబ్‌నగర్ రిజర్వాయరుకి వస్తాయి. 2004లో కృష్ణా నీళ్ళు హైదరాబాదుకి రావడం మొదలైన దగ్గర్నుంచీ ఇటువైపు వాళ్ళం వాటిమీదే బతుకుతున్నాం. ఆ నీళ్ళు ఒక బకెట్లో పట్టి క్లోరిన్ విరుగుడు నాలుగు చుక్కలు వేస్తే చాలు, గప్పీలకి ఇల్లు సిద్ధం. ఇక బోరు నీళ్ళంటారా, టీ గిన్నెకి తెల్లటి పొర పట్టించే ఆ గట్టి నీళ్ళలోనే గప్పీలూ మాలీలూ హాయిగా పిల్లల్ని పెడతాయి. నియాన్ టెట్రాల్లాంటి మెత్తటి నీళ్ళ చేపలకైతే అవి పడవు. అంటే మనకున్న నీళ్ళకి తగ్గ చేపని ఎంచుకుంటే, నీళ్ళ కోసం విడిగా మెషీను అక్కర్లేదు.

సముద్రం అలా కాదు. మనకి దగ్గర సముద్రం అంటే సూర్యలంకో మచిలీపట్నమో. ఎటు పోయినా సుమారు 300 కిలోమీటర్లు. విశాఖలో బీచ్ రోడ్డు మీద మత్స్యదర్శిని ఉందంటే, దాని ఎదురుగా సముద్రం ఉంది. వనస్థలిపురంలో ఎదురుగా విజయవాడ హైవే ఉంది. కాబట్టి ఇక్కడ సముద్రాన్ని ఇంట్లోనే తయారు చేసుకోవాలి.

ఎలా తయారు చేస్తారో చెప్తాను. ముందు ఆర్వో నీళ్ళు కావాలి, ఎందుకంటే మన నీళ్ళలో ఉన్న సున్నమూ నైట్రేటూ అన్నీ ఉప్పు లెక్కని తారుమారు చేస్తాయి. ఆర్వో అంటే ఒక బకెట్ మంచి నీటికి రెండు మూడు బకెట్లు మోరీలో పోసినట్టే. ఎండాకాలం ట్యాంకరు కోసం వీధిలో జనం ఎదురు చూస్తుంటే మనింటి మోరీలో నీళ్ళు పారుతుంటాయి. తర్వాత అక్వేరియం ఉప్పు, లీటరుకి 35 గ్రాముల పైన. వంటింటి అయొడైజ్డ్ ఉప్పు పనికిరాదు. నాది 140 లీటర్ల తొట్టి, అంటే మొదటిరోజే ఐదు కిలోల ఉప్పు. దాన్ని కొలవడానికి రిఫ్రాక్టోమీటరు. సాంద్రత 1.025 దగ్గర నిలబడాలి.

ఆ తర్వాత ప్రొటీన్ స్కిమ్మర్. సముద్రపు ఒడ్డున నురుగు చూస్తాం కదా, అదే సూత్రం. సన్నటి బుడగలకి మురికి అంటుకుని పైకి తేలి ఒక గిన్నెలో పడుతుంది. మంచినీళ్ళలో బుడగలు అంత సన్నగా నిలవవు కాబట్టి అక్కడ ఈ మెషీనే లేదు. ఆటుపోట్లకి బదులు వేవ్‌మేకర్. ఎండకి బదులు ఎల్ఈడీ లైట్లు. పగడపు దిబ్బకి బదులు రంధ్రాలున్న రాళ్ళు, వాటిలో బాక్టీరియా పెరిగి అమ్మోనియాని నైట్రైట్‌గా, నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చాలి. ఇది మంచినీళ్ళకీ తప్పదు, ఎక్కడైనా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఇక హైదరాబాదు ఎండాకాలానికి చిల్లర్. సముద్రపు చేపలకి 24 నుంచి 27 డిగ్రీలు ఉండాలి, మే నెలలో మా హాల్లో గ్లాసులో పెట్టిన నీళ్ళే 33 ఉంటాయి. చిల్లర్ నీళ్ళని చల్లబరిచి ఆ వేడిని హాల్లోకి ఊదుతుంది. అప్పుడు మనకి ఏసీ కావాలి!

నేనివన్నీ కొన్నాను. 2021లో. ఇంటినుంచి పని చేసే రోజులు, ఎల్బీనగర్ మెట్రో ఎక్కక్కర్లేదు, మనసు ఖాళీగా ఉండేది. 2003లో వచ్చిన ఫైండింగ్ నీమోని మా అమ్మాయి ఆ ఏడాది ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. షాపతను, "ఏం కాదు సార్, ఉప్పు కలుపుడే గదా, మిగిలిందంతా ఒకటే" అన్నాడు. అతన్ని తప్పు పట్టను. నేను ప్రోగ్రాములు రాసేవాణ్ణి కదా, లిస్టు ఉంటే ఏదైనా చేసేయొచ్చు అనే పొగరు నాది. స్ప్రెడ్‌షీట్ తయారు చేశాను, పారామీటర్లు రోజూ నింపేవాణ్ణి. మొత్తం ఎనభై వేల దాకా అయింది. మా ఆవిడకి అరవై చెప్పాను.

రెండు క్లౌన్ చేపలు, ఒక నీలం డామ్సెల్, ఒక రొయ్య. నిజం చెప్పొద్దూ, ఎంత బావుండేదో! సాయంత్రం లైట్లన్నీ ఆర్పి నలుగురం దాని ముందే కూర్చునేవాళ్ళం.

మొదటి దెబ్బ చిన్నదే. మేం ఊళ్ళో లేనప్పుడు అత్తయ్యగారు తొట్టి చూసుకునేవారు. ఎండకి రోజుకి రెండు మూడు లీటర్లు ఆవిరైపోయేవి. "పాపం, ఉప్పునీళ్ళ చేపలు కదా" అని ఆవిడ జాగ్రత్తగా ఉప్పు కలిపి మరీ పోశారు. నీళ్ళు ఆవిరవుతాయి గానీ ఉప్పు ఆవిరవదు, కాబట్టి పైన పోయాల్సింది ఉప్పులేని నీళ్ళే. ఆ మాట ఆవిడకి చెప్పకుండా వెళ్ళింది నేను. ఉప్పు పెరిగితే ఏమవుతుందంటే, సముద్రపు చేప ఒంట్లో ఉప్పు సముద్రంలో కంటే తక్కువ, అందుకని దాని ఒంట్లోని నీరు ఎప్పుడూ బయటికి పోతూనే ఉంటుంది. అది రోజంతా ఉప్పునీళ్ళు తాగి, అదనపు ఉప్పుని మొప్పల్లోంచి బయటికి తోస్తూ బతుకుతుంది. మంచినీళ్ళ చేప సరిగ్గా దీనికి తలకిందులు. నీళ్ళు వద్దన్నా లోపలికి వస్తాయి, తాగనే తాగదు. మనం చేసే పొరపాటుకి రెండూ ఒంటితోనే జవాబు చెప్పాలి గానీ ఉప్పునీళ్ళ చేప దగ్గర మిగులు చాలా తక్కువ. ఆసారి మాత్రం గండం గడిచింది.

రెండో దెబ్బ 2022 మే నెలలో. పెళ్ళికని విజయవాడ వెళ్ళాం. ఆ సాయంత్రం మా కాలనీలో గాలిదుమారం, చెట్టు విరిగి తీగల మీద పడింది. మర్నాడు మధ్యాహ్నం దాకా కరెంటు లేదు. మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. దాని మీద ఏమున్నాయి? రెండు ఫ్యాన్లు, లైట్లు, వైఫై రౌటరు. ఆఫీసు కాల్ మధ్యలో తెగకూడదని రౌటరుకి ప్రత్యేకంగా ఎలక్ట్రీషియన్ని పిలిచి లైను లాగించాను. తొట్టి ప్లగ్గు మామూలు లైను మీద ఉంది.

ఇంట్లో మనుషులు లేరు, ఇన్వర్టర్ రాత్రంతా రౌటరుని నడిపింది. పంపు ఆగింది, స్కిమ్మర్ ఆగింది, చిల్లర్ ఆగింది. 25 డిగ్రీల దగ్గర మంచినీళ్ళు లీటరుకి 8 మిల్లీగ్రాముల పైన ఆక్సిజన్ పట్టుకుంటాయి, సముద్రపు నీళ్ళు ఏడు కూడా పట్టుకోలేవు. వేడెక్కే కొద్దీ ఇంకా తగ్గుతుంది. అలలు ఆగిన ఉప్పునీళ్ళలో అది ఎంతసేపు వస్తుంది?

మేం వచ్చేసరికి రెండు క్లౌన్లూ పోయాయి, రొయ్యా పోయింది. డామ్సెల్ ఒక్కటే మూలన ఊపిరి తీస్తూ ఉంది. అదే హాల్లో, కిటికీ పక్కన చిన్న మంచినీళ్ళ తొట్టిలో ఉన్న ఫైటర్ చేపకి ఏమీ కాలేదు. మన కొరమేను లాగే అది పైకొచ్చి గాలి పీల్చుకుని బతకగలదు. గప్పీలు కూడా నీటి పైపొరని పట్టుకుని నెట్టుకొచ్చాయి.

మా అమ్మాయి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తొట్టి వైపు చూసి, మినుకుమినుకుమంటున్న రౌటరు వైపు చూసి, "ఇన్వర్టర్ దానికెందుకు పెట్టావు నాన్నా?" అని అడిగింది. నా స్ప్రెడ్‌షీట్లో అన్ని గడులున్నాయి గానీ ఈ ప్రశ్నకి గడి లేదు. కరెంటు పోగానే తనంతట తనే మొదలయ్యే బ్యాటరీ ఎయిర్ పంపు వెయ్యి రూపాయల వస్తువు. కొనాల్సినవాటిలో అది ఉంది. "తర్వాత చూద్దాం" అని నేనే పక్కన పెట్టాను. క్లౌన్ చేప సరిగ్గా చూసుకుంటే పదేళ్ళ పైన బతుకుతుంది. అవి మా ఇంట్లో ఏడాది కూడా నిండకుండానే పోయాయి.

డామ్సెల్‌ని ఓపికా సౌకర్యమూ ఉన్న ఒకాయనకి ఇచ్చేశాను. ఆయనింట్లో ఇన్వర్టర్ మీద మొదటి లైను తొట్టిదే. అంటే చేయగలిగినవాళ్ళు లేరని కాదు, ఉన్నారు. అయితే వాళ్ళు తొట్టిని సామానుగా చూడరు, మంచాన పడ్డ మనిషిని చూసుకున్నట్టు చూసుకుంటారు.

ఇంకోమాట. మంచినీళ్ళ అలంకారపు చేపలు ఎక్కువ భాగం చెరువుల్లో, తొట్లలో పెంచినవే. చెన్నై కొళత్తూరు ఈ పెంపకానికే పేరుపడింది. సముద్రపు చేపలు ఎక్కువ భాగం ఇప్పటికీ దిబ్బల్లోంచి పట్టి తెచ్చినవే. మన తొట్టిలో ఒకటి చస్తే, దాని చోటుకి ఇంకోటి సముద్రంలోంచి రావాలి. క్లౌన్లని హేచరీల్లో పెంచొచ్చు, మన సీఎంఎఫ్ఆర్ఐ శాస్త్రవేత్తలు ఆ పద్ధతి ఎప్పుడో చేసి చూపించారు. కొనేముందు ఎక్కడ పుట్టిందని అడగండి. ఇక దిబ్బలు కట్టే గట్టి పగడాలూ, సముద్రపు గుర్రాలూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, అంటే పులితో సమానం. షాపతను గాజుపెట్టెలోంచి తీసి చూపించాడని అది కొనుక్కునే వస్తువైపోదు.

అలాగని మంచినీళ్ళ తొట్టి అంటే ఏదో ఒకటిలే అనుకునేవాళ్ళ మీద నాకు ఇంకా కోపం. టీవీ పక్కన గుండ్రటి గాజు గిన్నెలో గోల్డ్ ఫిష్! అది జానెడు పెరిగే చేప, పదేళ్ళు బతకాల్సిన చేప. దానికి గిన్నె అంటే మనిషిని లిఫ్టులో కాపురం పెట్టమన్నట్టు. నెలకోసారి చస్తుంది, నెలకోసారి కొత్తది వస్తుంది, "మా ఇంట్లో చేపలు కలిసిరావు" అంటారు. కలిసిరాకపోవడం కాదండీ, ఊపిరాడకపోవడం.

అందుకని ఆ కుర్రాడికి చివరికి చెప్పింది ఇది. చోటున్నంతలో పెద్ద తొట్టి కొను, నీళ్ళు ఎక్కువుంటే మన తప్పులు పలచబడతాయి. స్పాంజ్ ఫిల్టరు, ఎయిర్ పంపు, క్లోరిన్ విరుగుడు, మూత, థర్మామీటరు, అమ్మోనియా చూసే టెస్ట్ కిట్. డిసెంబరు, జనవరి రాత్రులకి చిన్న హీటరు. మే నెలకి నీటి మీదికి తిప్పిన టేబుల్ ఫ్యాను, రెండు మూడు డిగ్రీలు తగ్గిస్తుంది. అన్నిటికంటే ముందు, బ్యాటరీ ఎయిర్ పంపు. మొత్తం ఐదారు వేలల్లో అయిపోతుంది. రెండేళ్ళు దీన్ని చావుల్లేకుండా నడుపు. అప్పుడూ సముద్రం కావాలనిపిస్తే ముందు ఎలక్ట్రీషియన్ని పిలువు, తర్వాత షాపుకి వెళ్ళు.

వాడు ఏం చేస్తాడో తెలీదు. ఆ వయసులో నాకెవరైనా చెప్తే నేను విన్నానా?

ఆ 140 లీటర్ల తొట్టి ఇప్పటికీ మా హాల్లోనే ఉంది. కృష్ణా నీళ్ళు, అడుగున నది ఇసుక, మాలీలు, గప్పీలు. స్కిమ్మరూ చిల్లరూ అటక మీద ఉన్నాయి, సగం ధరకి కూడా ఎవరూ అడగలేదు. తొట్టి ప్లగ్గు ఇన్వర్టర్ లైనులో ఉంది. రౌటరు మామూలు లైనులోకి వెళ్ళింది. కరెంటు పోయినప్పుడు ఆఫీసు కాల్ తెగిపోతుంది. "కరెంటు పోయిందండీ" అని తర్వాత చెప్తాను. ఇంతవరకూ ఎవరూ ఏమీ అనలేదు.