రోము బంగారం, మన నూలు

ఈ సంచిక సంపాదకీయం ప్రాచీన రోము గురించి అనగానే మా సహచరి ఒకరు నవ్వారు. "ఇక్కడ కూలి రేట్లే తేలలేదు, రోము ఎందుకండీ?" అన్నారు. కూలి రేట్ల దగ్గర్నించే రోముకి వెళ్లాల్సి వచ్చింది మరి. పత్తి తీతల కాలంలో చందర్లపాడు వైపు ఊళ్లలో స్త్రీలతో కూర్చున్నాం. పొద్దుటినించీ వొడి నిండా పత్తి తీసి, సాయంత్రం కిలోల లెక్కన తూకం వేయించుకునే వాళ్లు. రెండు వేల ఏళ్ల కిందట ఈ కృష్ణా తీరం నుంచి నూలుబట్ట ఓడలెక్కి పోయిందనీ, రోము బంగారం ఇక్కడికి వచ్చిందనీ మాటల్లో చెప్పాం. "ఆ బంగారం ఎవరి మెళ్లో పడిందమ్మా?" అని ఒకామె అడిగింది. మా దగ్గర జవాబు లేదు.

బంగారం వచ్చిన మాట నిజమే. నాగార్జునకొండ తవ్వకాల్లో టైబీరియస్ చక్రవర్తి నాణెంతో పాటు ఫాస్టినా అనే మహారాణి బొమ్మ ఉన్న నాణెం కూడా దొరికింది. వినుకొండలో రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. క్రీ.శ. మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు వర్తకుడు రాసిన 'పెరిప్లస్' అనే పుస్తకం మసాలియా ప్రాంతంలో, అంటే మన మచిలీపట్నం తీరంలో, నూలుబట్ట విస్తారంగా తయారవుతుందని చెబుతుంది.

అదే శతాబ్దంలో రోములో ప్లినీ అనే పెద్దమనిషి లెక్క కట్టాడు. ఇండియా, చైనా, అరేబియా కలిసి ఏటా 10 కోట్ల సెస్టర్స్‌లు తమ సామ్రాజ్యం నుంచి లాగేస్తున్నాయట. తమ విలాసాలకీ, తమ ఆడవాళ్లకీ ఇంత ఖర్చవుతోందని వాపోయాడు. మన ఓడల్లో పోయిన సరుకులో పెద్ద భాగం మిరియాలు. వాటిని రోములో అందరూ తిన్నారు, సరిహద్దు కోటల్లోని సైనికులు కూడా. మిరియాల మీదా ప్లినీ విసుక్కున్నాడు గానీ, మగవాళ్ల నాలుక వల్ల ఖజానా ఖాళీ అయిందని మాత్రం రాయలేదు. బంగారం పోయిందంటే ఆడదాని మెడకేసి చూడటం అప్పటికే అలవాటయింది.

ఇంతకీ ఆ రోమన్ స్త్రీలు ఎవరు? పౌరుల ఇళ్లలో ఆడపిల్లకి సాధారణంగా సొంత పేరే ఉండేది కాదు. జూలియస్ వంశంలో పుడితే జూలియా, ఇద్దరు పుడితే పెద్ద జూలియా, చిన్న జూలియా. తండ్రి బతికున్నంత కాలం ఆయన అధికారం కింద ఉండాలి, ఆయన పోయాక సంరక్షకుడి అనుమతి లేకుండా ముఖ్యమైన ఆస్తి వ్యవహారాలు చెయ్యకూడదు. ముగ్గురు పిల్లల్ని కంటే ఆ సంరక్షకుడి నుంచి విముక్తి అని అగస్టస్ చట్టం చేశాడు. (ఇద్దరికి మించి కంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చెయ్యకూడదన్న నిబంధన మన రాష్ట్రంలో 2024 దాకా ఉంది. అంకె మారింది, లెక్కపెట్టిన చోటు మాత్రం అదే.) మంచి భార్య ఉన్ని వడికిందని సమాధి రాళ్ల మీద చెక్కించేవారు. కలవారి ఇళ్లలో నిజంగా వడికింది బానిస స్త్రీలు.

నోరు విప్పిన వాళ్లు లేకపోలేదు. క్రీ.పూ. 42లో యుద్ధ ఖర్చులకని 1400 మంది ధనిక స్త్రీల ఆస్తుల మీద పన్ను వేయబోతే, హోర్టెన్షియా నగర కూడలికి వెళ్లి పాలకుల ఎదుట మాట్లాడింది. పదవుల్లో, పాలనలో మాకు వాటా లేనప్పుడు పన్నులో వాటా ఎందుకని ఆమె వాదన. ఆ సంఖ్య 400కి తగ్గింది. ఆమె మాట్లాడింది ఆస్తిపరుల తరఫునే. తన ఇంట్లో వడికే బానిసల సంగతి ఆ ఉపన్యాసంలో లేదు.

ఇక ఈ ఒడ్డున. చందర్లపాడుకి దూరం కాని జగ్గయ్యపేట స్తూపం దగ్గర ఒక శాసనం ఉంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే చేతిపనివాడు తూర్పు ద్వారం దగ్గర అయిదు ఆయక స్తంభాలు నిలబెట్టాడు. తనతో పాటు తల్లి నాగిలని, భార్య సముదని, కూతురు నాగబుద్ధనిక, తమ్ముడి భార్య కనిక, వాళ్ల కూతురు సిద్ధథనిక, అందరి పేర్లూ చెక్కించాడు. రోములో పెద్దింటి పిల్లకి దొరకని సొంత పేరు ఇక్కడ పనివాడి కూతురికి ఉంది. ఇది చదివి మురిసిపోనక్కర్లేదు. వాళ్లంతా ఆయనకి ఏమవుతారో రాశారు గానీ, ఏం పని చేసేవారో రాయలేదు.

నూలు వడికినవాళ్ల పేర్లు అసలే లేవు. అర్థశాస్త్రం మాత్రం వితంతువుల చేత, అంగవైకల్యం ఉన్న స్త్రీల చేత నూలు వడికించాలని చెబుతుంది. కూలి తీసుకుని పని చెయ్యకపోతే బొటనవేలు నరకాలని కూడా. అది మన ప్రాంతం గురించి రాసింది కాదు కానీ, ఆ కాలపు రాజ్యం కదురు పట్టిన చేతుల్ని ఎలా చూసిందో తెలుస్తుంది. రోము లెక్కలో స్త్రీ ఖర్చు పద్దు. ఇక్కడి లెక్కలో ఆమె లేదు.

2013లో రూపాయి పడిపోయినప్పుడు ప్రజలు బంగారం కొనడం మానాలని కేంద్ర ఆర్థిక మంత్రి కోరారు, దిగుమతి సుంకం పెంచారు. ఆడవాళ్ల నగల మోజు మీద కబుర్లు మళ్లీ మొదలయ్యాయి. పొలం కొడుక్కి పోయాక కూతురి చేతికి వచ్చేది ఆ నాలుగు తులాలేనని ఎవరూ అనలేదు. 1985 నుంచి మన రాష్ట్ర చట్టం, 2005లో కేంద్ర చట్టం ఉమ్మడి ఆస్తిలో కూతురికి వాటా ఇచ్చాయి. వాటా అడిగితే పుట్టింటి గడప తొక్కనివ్వరన్న భయం ఊళ్లో అందరికీ తెలిసిందే.

బంగారం ఎవరి మెళ్లో పడిందని అడిగిన ఆమె మెళ్లో ఆ రోజు పసుపుతాడు మాత్రమే ఉంది. గొలుసు తాకట్టులో ఉందట, పత్తి విత్తనాలకీ పురుగుమందులకీ. పొలం పాసు పుస్తకంలో ఎవరి పేరుందని అడిగాం. "ఆయనదే" అని, తూకం దగ్గర తన వంతు వచ్చిందని లేచి వెళ్లింది.