షాపు టైల్స్ మీద ప్రతి బ్యాగూ పరుగెడుతుంది

నా మొదటి చక్రాల బ్యాగు ఆయుష్షు సరిగ్గా ఒక్క ప్రయాణం. బీటెక్ అయిపోయి హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరడానికి వెళ్తున్నప్పుడు, బేరమాడి 1,800 రూపాయలకు కొన్నాం. నిగనిగలాడే నీలం రంగు, నాలుగు చక్రాలు. షాపులో వేలితో తోస్తే జారిపోయింది. నేనూ మురిసిపోయాను.

దేవరాపల్లిలో మా ఇంటి నుంచి బస్టాపుకి వెళ్లే దారిలో కంకర తేలిన ముక్క ఒకటి ఉంది. అక్కడే ఒక చక్రం అడ్డం తిరిగింది. చోడవరంలో బస్సు మారేసరికి రెండోది ఊగుతోంది. మర్నాడు పొద్దున్నే సికింద్రాబాద్ స్టేషన్‌లో అది ఊడిపోయి, దొర్లుకుంటూ వెళ్లి పట్టాల మీద పడింది. కొత్త షర్టు వేసుకున్న కొత్త సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ బ్యాగు నెత్తిన పెట్టుకుని బయటికొచ్చాడు.

అందుకే నిరుడు మా చెల్లికి అమెరికాలో ఎంఎస్ సీటొచ్చినప్పుడు, బ్యాగులు కొనే పని నేనే తీసుకున్నాను. ఇద్దరం కలిసి వారం రోజులు రివ్యూలు చదివాం. తను మూడు బ్యాగుల సెట్టు ఒకటి చూపించింది. ఆఫర్‌లో 70 శాతం తగ్గింపు. నాన్న ఫోన్ చేతిలోకి తీసుకుని చూసి ఒకటే మాటన్నారు: "మూడెందుకమ్మా, సేతులు రెండే కదా?"

అక్కడితో మా వెతుకులాట దారి మారింది.

ముందు దారి, తర్వాత బ్యాగు

బ్యాగు అనగానే మనకు ఎయిర్‌పోర్టు నున్నటి నేలే గుర్తొస్తుంది. ప్రయాణంలో అది చిన్న ముక్క. చెల్లి దారిని కాగితం మీద రాసి చూశాం. ఇల్లు, బస్సు, చోడవరం, అనకాపల్లి స్టేషన్, రాత్రి రైలు, సికింద్రాబాద్, శంషాబాద్, మధ్యలో ఒక విమానం మారడం, డల్లాస్, అక్కడి నుంచి అద్దె అపార్ట్‌మెంటు. ఇందులో బ్యాగుని లాగే చోట్ల కంటే ఎత్తే చోట్లే ఎక్కువ. బస్సు మెట్లు, ఆటో, రైలు తలుపు, ట్యాక్సీ డిక్కీ, చివర్లో లిఫ్టు లేని రెండో అంతస్తు.

సికింద్రాబాద్ దాకా నాన్న, నేను ఉంటాం. శంషాబాద్ గేటు దాటాక తనొక్కతే. కాబట్టి అసలు ప్రశ్న ఏ బ్రాండన్నది కాదు. నిండిన బ్యాగుని తను ఒక్కతే ఎత్తగలదా? అదీ ప్రశ్న. మిగతా లెక్కలన్నీ దాని తర్వాతే.

కిలోల లెక్క

అమెరికా వెళ్లే ఎకానమీ టికెట్‌కి చాలా విమానాల్లో ఒక్కో చెక్-ఇన్ బ్యాగు 23 కిలోలు దాటకూడదు. విద్యార్థులకు సాధారణంగా రెండు బ్యాగులిస్తారు. మీ టికెట్ మీద ఏముందో అదే ఫైనల్, చూసుకోండి. కొలత కూడా ముఖ్యమే. పొడవు, వెడల్పు, మందం కలిపి 158 సెంటీమీటర్లు మించకూడదు, అదీ చక్రాలు, హ్యాండిల్‌తో సహా. సుమారు 75 సెంటీమీటర్ల ఎత్తున్న బ్యాగు ఈ హద్దు దగ్గరికి వచ్చేస్తుంది. "ఎక్స్‌పాండబుల్" అని ఇంకో జిప్పు ఉంటుంది కదా, దాన్ని తెరిస్తే మందం పెరిగి హద్దు దాటే అవకాశం ఉంది.

చాలామంది చూడనిది ఖాళీ బ్యాగు బరువు. ఒకే సైజులో ఒకటి 3.6 కిలోలుంటే ఇంకోటి 4.8 ఉండొచ్చు. తేడా 1.2 కిలోలు. రెండు బ్యాగులకు 2.4 కిలోలు. మా అమ్మ భాషలో చెప్పాలంటే రెండు ఆవకాయ డబ్బాలు, పైన కాస్త అనకాపల్లి బెల్లం.

పెద్ద బ్యాగుతో ఇంకో చిక్కుంది. చోటుంటే నింపేస్తాం. పచ్చళ్లు, పొడులు, పుస్తకాలు 75 సెంటీమీటర్ల బ్యాగులో సర్దితే సగం నిండకుండానే 23 కిలోలు అయిపోతాయి. అందుకే బరువైన సామానుకి 65 సెంటీమీటర్ల బ్యాగు, బట్టలకీ దుప్పట్లకీ పెద్ద బ్యాగు అనుకున్నాం.

రైలు సంగతి కూడా మర్చిపోవద్దు. స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో ఒక్కో ప్రయాణికుడికి ఉచితంగా 40 కిలోలే. రెండు 23 కిలోల బ్యాగులు, పైన క్యాబిన్ బ్యాగు ఒక్కరి లెక్కలో పట్టవు. సాగనంపడానికి ఇంట్లో వాళ్లు వస్తే ఆ లెక్క కూడా సర్దుకుంటుంది.

పెంకు, గుడ్డ

గట్టి బ్యాగుల్లో ప్రధానంగా మూడు రకాల ప్లాస్టిక్ కనిపిస్తుంది. ఏబీఎస్ చవక, కానీ పెళుసు. గట్టి దెబ్బకి పగులుతుంది. పాలీకార్బొనేట్ దెబ్బకి లోపలికి వంగి మళ్లీ పైకొస్తుంది, ధర ఎక్కువ. పాలీప్రొపిలీన్ ఈ రెంటికీ మధ్య దారి. తేలిక, వంగే గుణం ఉంది, ధర అందుబాటులో ఉంటుంది. "హార్డ్ బ్యాగ్" అని మాత్రమే రాసి ఏ ప్లాస్టికో చెప్పకపోతే అడగండి. షాపులో పెంకుని అరచేత్తో గట్టిగా నొక్కి చూడండి. వంగి తిరిగి రావాలి.

గుడ్డ బ్యాగులకు "డెనియర్" అనే అంకె ఉంటుంది. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాముల బరువుంటే అది అన్ని డెనియర్లు. అంటే అంకె పెరిగేకొద్దీ దారం మందం. గుడ్డ బ్యాగు మూత ఒక వైపు నుంచే తెరుచుకుంటుంది కాబట్టి ఇరుకు గదిలో, రైలు బెర్తు దగ్గర సులువు. గట్టి బ్యాగు పుస్తకంలా రెండుగా విప్పాలి, నేల మీద అంత చోటు కావాలి. ఆవకాయ నూనె కారితే మాత్రం గట్టి బ్యాగుని తుడిస్తే సరి, గుడ్డ బ్యాగు జన్మంతా ఆవకాయ వాసనే. అందుకే మేం చిన్నది గట్టిది, పెద్దది గుడ్డది తీసుకున్నాం.

చక్రాలే ముందు పోతాయి

సూట్‌కేసుకి చక్రాలు రావడమే ఆలస్యంగా వచ్చాయి. చంద్రుడి మీదకి మనిషి వెళ్లిన మరుసటి ఏడాది, 1970లో, బెర్నార్డ్ సాడో అనే అమెరికన్‌కి ఎయిర్‌పోర్టులో బరువులు మోస్తూ ఆ ఆలోచన వచ్చింది. 1972లో పేటెంట్ దక్కింది. ఆయన బ్యాగు పడుకోబెట్టినట్టు ఉండేది, పట్టీతో లాగాలి. ఇప్పుడు మనం లాగే నిలువు బ్యాగు, సాగే హ్యాండిల్‌తో సహా, 1987లో రాబర్ట్ ప్లాత్ అనే పైలట్ తయారుచేసింది. దానికి రెండే చక్రాలు. ఎగుడుదిగుడు రోడ్డు మీద ఇప్పటికీ ఆ పద్ధతే మేలు. పెంకులో సగం దాగిన చక్రాలు త్వరగా విరగవు.

ఇప్పుడు మార్కెట్లో ఎక్కువగా నాలుగు చక్రాలవే. అవి నున్నటి నేల మీద హాయి. కానీ కిందికి పొడుచుకొచ్చిన కాళ్లలా ఉంటాయి, దెబ్బ ముందు వాటికే. అవే కొంటే మూడు చూడండి. ఒకటి, ప్రతి మూలా జంట చక్రాలు ఉండాలి. రెండు, అవి రివిట్లతో కాక స్క్రూలతో బిగించి ఉంటే మార్చుకోవడం తేలిక. మూడు, బ్యాగు తలకిందులు చేసి చక్రాన్ని తిప్పితే అటూ ఇటూ ఊగకూడదు. ఇంకో సంగతి. కంకర మీద నాలుగు చక్రాల బ్యాగుని నిలబెట్టి తొయ్యకండి, వెనక్కి వంచి రెండు చక్రాల మీద లాగండి. నాకు ఆ రోజు ఇది తెలిసుంటే ఆ నీలం బ్యాగు కనీసం హైదరాబాద్ ఇల్లు చేరేది.

ఉప్పు పరీక్ష

చోడవరంలో షాపుకి వెళ్లాం. చెల్లి ఒక బ్యాగుని టైల్స్ మీద తోసింది. పరుగెత్తింది. ఇంకోటి తోసింది. అదీ పరుగెత్తింది. ఖాళీ బ్యాగు కదా, ఎందుకు పరుగెత్తదు? నాన్న ఏమీ అనకుండా బయటికెళ్లారు. పది నిమిషాల్లో పక్క కిరాణా కొట్టు కుర్రాడితో తిరిగొచ్చారు. వాడి చేతిలో ఉప్పు పేకెట్ల బస్తా. పేకెట్ కిలో, మొత్తం ఇరవై.

"ఇవి లోపలెట్టి సూద్దాం బాబూ, సిరగదులే" అన్నారు షాపాయనతో. ఆయన నవ్వాడు, కానీ ఒప్పుకున్నాడు.

మొదటి బ్యాగు ఎత్తగానే పక్క హ్యాండిల్ కుట్టు దగ్గర సాగింది. రెండోదాని సాగే హ్యాండిల్ పూర్తిగా బయటికి లాగి వంచితే కర్రలు విల్లులా వంగాయి. మూడోది చక్రాల దగ్గర ఒక పక్కకి ఒరిగింది. నాలుగోదానికి షాపాయనే ఉప్పు పేకెట్లు సర్దడం మొదలుపెట్టాడు. ఆయనకీ సరదా పుట్టింది. చెల్లి దాన్ని తలుపు మెట్ల మీద నుంచి దింపింది, ఎక్కించింది. నాన్న ముందుకెళ్లి పట్టుకోబోతే, "వద్దు నాన్నా, అక్కడ మీరుండరు కదా" అంది. ఆయన వెనక్కి తగ్గి నిలబడ్డారు. ఆ తర్వాత కాసేపు ఎవరం మాట్లాడలేదు.

రెండు బ్యాగులూ కలిపి 9,400 అయ్యాయి. ఆ మూడు బ్యాగుల సెట్టు ఆఫర్ ధర కంటే ఎక్కువే. కానీ ఒకటి తగ్గింది, రెండు మిగిలాయి. మీరు ఆన్‌లైన్‌లో కొన్నా సరే, రాగానే ట్యాగులు తీయకుండా ఇంట్లోనే బియ్యమో ఉప్పో పెట్టి ఎత్తి చూడండి. వెనక్కి పంపే గడువు లోపలే.

బయల్దేరే ముందు

వారంటీ కార్డు చదవండి. సాధారణంగా తయారీ లోపాలకే వర్తిస్తుంది, ప్రయాణంలో తగిలిన దెబ్బలకు కాదు. బిల్లు ఫొటో తీసి దాచండి. అమెరికా వెళ్తుంటే టీఎస్‌ఏ తాళం ఉన్నది తీసుకోండి, తనిఖీకి తెరవాల్సి వస్తే పగలగొట్టకుండా వాళ్ల తాళంచెవితో తీస్తారు. అయినా తాళాన్ని మరీ నమ్మొద్దు. జిప్పుని బాల్‌పెన్ను మొనతో కూడా విప్పొచ్చు. సర్టిఫికెట్లు, ల్యాప్‌టాప్, బంగారం క్యాబిన్ బ్యాగులోనే. పవర్ బ్యాంకు కూడా అందులోనే, చెక్-ఇన్‌లో ఒప్పుకోరు.

బ్యాగు దెబ్బతిని వస్తే ఎయిర్‌పోర్టు దాటకముందే బ్యాగేజీ కౌంటర్‌లో రిపోర్టు రాయించండి. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం దెబ్బతిన్న బ్యాగుకి 7 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యాలి. బ్యాగు ఆలస్యమైతే అది చేతికొచ్చిన 21 రోజుల్లోపు. భారత్ 2009 నుంచి ఇందులో ఉంది. పరిహారం గరిష్ఠంగా రూపాయల్లో లక్షన్నర పైమాటే. అది హద్దు మాత్రమే, జరిగిన నష్టాన్ని మీరు చూపించాలి. చెల్లి రూమ్మేట్ విరిగిన హ్యాండిల్‌తోనే ఇంటికెళ్లిపోయింది. నెల తర్వాత అడిగితే, రిపోర్టు లేదన్నారు.

బ్యాగు లోపల కూడా పేరు, మెయిల్, ఫోన్ నంబరు రాసిన కాగితం పెట్టండి. బయటి ట్యాగు ఊడినా అది ఉంటుంది. మా ట్యాగు మీద నాన్న పాత అలవాటుగా విశాఖపట్నం జిల్లా అని రాసేశారు. 2022 ఏప్రిల్ నుంచి మాది అనకాపల్లి జిల్లా. కొట్టేసి మళ్లీ రాశారు.

డల్లాస్ చేరిన మర్నాడు చెల్లి వీడియో కాల్ చేసింది. రెండో అంతస్తు, లిఫ్టు లేదు. "ఒక్కదాన్నే ఎక్కించేశాను అన్నయ్యా, రెండు ట్రిప్పుల్లో" అంది. అమ్మ తిన్నావా అని అడిగింది. నాన్న వెనక నుంచి, "సక్రాలు సూపించమ్మా" అన్నారు. తను బ్యాగు తలకిందులు చేసి చూపించింది. ఎనిమిదీ ఉన్నాయి.

బ్యాగు కొనడానికి బయల్దేరుతున్నారా? షాపు పక్కన కిరాణా కొట్టు ఉందో లేదో చూసుకోండి.