ఏ కంపెనీ కెమెరా మంచిది అని అడిగే తమ్ముళ్లకు మా రూము మాట

ఊరికి పోయే సీజన్ వచ్చిందంటే చాలు, మాకు ఒకటే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తది. "అన్నా, కెనాన్ మంచిదా, నికాన్ మంచిదా? సోనీ తీసుకోవాల్నా? లేకపోతే ఆ పైసలు పెట్టి ఐఫోనే కొనాల్నా?" సైటు మీద సూపర్‌వైజర్ అంటే అన్నీ తెలుసు అనుకుంటరు. మేము చదివింది పదో తరగతి. ఫొటోగ్రాఫర్లం కాదు. కానీ ఏండ్ల తరబడి దుబాయి క్యాంపు రూముల్లో బతుకుతున్నం. ఎవరు ఏం కొన్నరు, కొన్నాక దాని గతి ఏమైంది అన్నది దగ్గరుండి చూసినం. మొన్న సెలవు నాడు మా రూములో ఎనిమిది మందిమి కూర్చొని ఇదే ముచ్చట పెట్టుకున్నం. అదే ఇక్కడ రాస్తున్నం. కొంచెం పొడుగు ఉంటది, చాయ్ తాగుకుంట చదవండి.

ముందే అసలు మాట చెప్పేస్తం. ఈ రోజుల్లో పెద్ద కంపెనీల కెమెరాల్లో పనికిరానిది దాదాపు లేదు. తేడా ఎక్కువ మన చేతిలో, మన కంటిలో, మన అవసరంలో ఉంటది. కాబట్టి మనసుకు నచ్చింది కొనుడు తప్పు కాదు. తప్పు ఎక్కడ జరుగుతున్నదంటే, మన ఇష్టం అనుకొని ఇంకొకరి ఇష్టాన్ని కొనుక్కొస్తున్నం. బావ ఇష్టం, దుకాణపోని ఇష్టం, పక్క మంచం వాని ఇష్టం. అది కూడా అప్పు చేసి.

ఈ కంపెనీల పిచ్చి కొత్తది కాదు. మా చిన్నతనంలో జగిత్యాల, కోరుట్ల దిక్కు ఊర్లల్లో దుబాయి నుంచి, సౌదీ నుంచి ఎవరన్న వస్తే వాళ్ల పెట్టె చుట్టూ వాడకట్టు మొత్తం మూగేది. రగ్గు, సెంటు సీసా, టేప్ రికార్డర్, దాని కింద యాషికా కెమెరా. అప్పుడు మాకు కెమెరా అంటే యాషికానే. రీలులో కూడా కొట్లాటనే. కొడాక్ రీలు అయితే రంగు వెచ్చగ వస్తది అని ఒకరు, ఫ్యూజీ అయితే చెట్లు, పొలాలు పచ్చగ వస్తయి అని ఒకరు. రీలుకు 36 ఫొటోలు. ఒక్కటి పాడైతే ఇల్లంత తిట్టేది.

మరి ఇప్పుడు ఆ పేర్లు ఏమైనయి? యాషికాను 1983లోనే క్యోసెరా అనే కంపెనీ కలుపుకున్నది. 2005లో ఆ కంపెనీ కెమెరాల వ్యాపారమే మానేస్తున్నట్టు చెప్పేసింది. 2006లో కోనికా మినోల్టా కూడా కెమెరాలు బంద్ పెట్టి, తన సామాను సోనీకి అప్పజెప్పింది. సోనీ పెద్ద కెమెరాల్లోకి వచ్చింది అట్లనే. కొడాక్ కథ ఇంకా విచిత్రం. 1975లో డిజిటల్ కెమెరా మొదట తయారుచేసింది వాళ్ల ఇంజినీరే. అదే డిజిటల్ దెబ్బకు 2012 జనవరిలో ఆ కంపెనీ దివాలా కోర్టుకు పోయింది. మా ఇంటి గోడ మీద మా నాయిన ఫొటో మాత్రం ఇంకా ఉన్నది. అది ఏ రీలు మీద తీసిందో ఇంట్లో ఎవ్వరికీ తెల్వదు.

పేరు సంగతి చెప్పుకుంటున్నం కదా, మా రూములో జరిగింది వినండి. ఒక తమ్మునికి ఊర్నుంచి బావ ఫోన్ చేసి "కెనాన్ 1500డి మాత్రమే తేవాలె, వేరేది తెస్తే నాకు వద్దు" అన్నడు. మా వాడు సెలవు నాడు బర్ దుబాయి పోయి అల్ ఫహీదీ వీధి మొత్తం తిరిగిండు. ఎక్కడ అడిగినా 2000డి చూపెట్టిండ్రు. మోసం చేస్తున్నరేమో అని ఖాళీ చేతులతో వచ్చిండు. తర్వాత తెలిసింది, రెండూ ఒకటే కెమెరా. మన దేశంలో 1500డి అని అమ్ముతరు, ఇక్కడ 2000డి అని, అమెరికాలో ఇంకో పేరు. మనిషికి ఇంట్లో ఒక పేరు, బడిలో ఒక పేరు ఉన్నట్టు. అంతటి పట్టుదల పట్టిన బావ, ఆ కెమెరాను ఒక్కసారి కూడా చేతిలో పట్టుకొని చూడలేదు.

ఇంకో కొట్లాట, ఐఫోన్ తమ్మునికీ సోనీ తమ్మునికీ. ఇద్దరూ రాత్రి పదింటి దాకా వాదులాడుకున్నరు. ఐఫోన్ కెమెరా లోపల బొమ్మను పట్టే సెన్సార్ చేసేది సోనీ వాళ్లే. 2022 డిసెంబరులో యాపిల్ పెద్దసారు టిమ్ కుక్ జపాన్ పోయినప్పుడు ఆయనే బయటికి చెప్పిండు. నికాన్ కెమెరాలు చాలా వాటిలో కూడా సోనీ సెన్సారే ఉంటది. పైన అతికించిన పేరు కోసం మనం రూములో మాట్లాడుకోవుడు బంద్ చేస్తున్నం, లోపల వాళ్లు కలిసి వ్యాపారం చేసుకుంటున్నరు.

అట్లని అన్నీ ఒకటే, ఏదైనా కొనండి అని చెప్తలేము. మన పని సంగతే చూడండి. తాపీ మేస్త్రీ తన తాపీ ఇంకొకనికి ఇయ్యడు. షాపులో అటువంటివి వంద ఉన్నా, వాని చెయ్యికి అలవాటైంది అదొక్కటే. డ్రిల్లు మిషన్ కాడ హిల్టీ అనేటోడు మకీటా పట్టడు. సర్వేయర్లల్లో లైకా అనేటోళ్లు ఉన్నరు, టాప్‌కాన్ అనేటోళ్లు ఉన్నరు, సొక్కియా అనేటోళ్లు ఉన్నరు. లెవెల్ మాత్రం అందరిదీ సరిగ్గనే వస్తది. ఇది మూర్ఖత్వం కాదు. చెయ్యి నేర్చుకున్నదాన్ని మార్చుకోవాలంటే టైం పడతది, ఆ టైంలో పని పాడైతది. కెమెరా కూడా అంతే. కెనాన్ లెన్సు ఒక దిక్కు తిప్పి బిగిస్తే, నికాన్ లెన్సు దానికి ఎదురు దిక్కు తిప్పాలె. ఒకదానికి అలవాటైన చెయ్యి రెండోదాని కాడ తడబడుతది. అది కంపెనీ లోపమూ కాదు, మన లోపమూ కాదు.

మా కాక సంగతి చెప్పాలె. వయసులో మా అందరి కంటే పెద్ద, ఈ దేశంల సిమెంటు పనిలోనే జుట్టు నెరిసింది. సిమెంటుకు వేలి కొసలు అరిగి, పగిలి ఉంటయి. వేలిముద్ర మిషన్ కాడ ఆయనకు ప్రతిసారి గొడవే. టచ్ ఫోన్ కూడా ఆయన వేలు సరిగ్గ గుర్తుపట్టదు. ఫొటో తియ్యాలంటే నాలుగుసార్లు ఒత్తాలె, ఆ లోపల పిల్లలు కదిలిపోతరు. అందుకే ఆయన 2009లో కొన్న చిన్న నికాన్ కూల్‌పిక్స్‌నే ఇంకా వాడుతడు. దానికి నిజమైన బటన్ ఉంటది, ఒత్తితే టిక్కుమంటది. కొత్త ఫోన్ల ముందల దాని బొమ్మ నాసిగానే ఉంటదని ఆయనకూ తెలుసు. మన పిల్లగాండ్లు నవ్వుతరు. "నా యేలు మాట వినేది ఇదొక్కటే బిడ్డా" అంటడు. కెమెరా ఎట్ల ఎంచుకోవాలె అని మమ్మల్ని అడిగితే, మేము చూసినంతలో సరిగ్గ ఎంచుకున్నది ఆయనే.

రంగు కాడ కూడా ఎవరి ఇష్టం వాళ్లదే. కెనాన్‌లో మొఖం రంగు బాగుంటదని అనేటోళ్లు ఉన్నరు, ఫ్యూజీ రంగులంటే ప్రాణం పెట్టేటోళ్లు ఉన్నరు. కానీ ఒక్కటి చూసుకోండి. కొన్ని ఫోన్లు మనం అడగకముందే మొఖాన్ని తెల్లగ, నున్నగ చేస్తయి. ఎండాకాలం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా పని ఆపే రూలు ఉన్నా, మిగిలిన టైంలో తిన్న ఎండ మన మొఖం మీద ఉండనే ఉంటది. ఒక తమ్ముడు సోకు ఫొటో ఇంటికి పంపితే వాళ్లమ్మ "నా కొడుకు ఇంత తెల్లగ ఎప్పుడైండురా" అన్నదట. అది నచ్చితే పెట్టుకోండి, వద్దంటే సెట్టింగులో బ్యూటీ అని ఉంటది, తీసెయ్యండి. ఏది ఉండాలో మీరే చెప్పాలె, ఫోను చెప్పొద్దు.

ఇప్పుడు మనసుకు కష్టమైన ముచ్చట. మా టైల్స్ గ్యాంగులో ఒక తమ్ముడు ఉన్నడు. ఓవర్‌టైం కలుపుకుంటే నెలకు 1,400 దిర్హాములు. రూములో వేసిన చిట్టి ఎత్తుకొని, కెమెరా, రెండు లెన్సులు, సంచి, స్టాండు మొత్తం 2,900 పెట్టి కొన్నడు. రెండు నెలల జీతం. కంపెనీ పేరు రాయం, తప్పు కంపెనీది కాదు. ఎందుకు కొన్నవ్ తమ్మీ అంటే "ఊర్లో అందరి దగ్గర ఉన్నది అన్నా, ఉత్త చేతులతో పోతే ఏమంటరు" అన్నడు. సెలవుకు పోయి నెల రోజులు ఉండి వచ్చిండు. బిడ్డ ఫొటోలు చూపెట్టు అంటే జేబులోంచి ఫోన్ తీసిండు. అన్నీ ఫోన్‌లోనే తీసినవి. పెద్ద కెమెరా పెండ్లిలో ఒక పూట మెడకు వేసుకున్నడు, తర్వాత బీరువా ఎక్కింది. ఇక్కడికి వచ్చినంక చిట్టి కట్టుకుంట మూడు నెలలు ఇంటికి పైసలు తక్కువ పంపిండు. బిడ్డ బడి ఫీజు ఆగింది, ఇంట్లో మాటా మాటా పెరిగింది. చివరికి ఆ కెమెరాను సగం ధరకు అమ్ముకున్నరు. ఆ తమ్మునికి కెమెరా మీద ఇష్టమే లేదు. నలుగురి నోటికి భయపడి కొన్నడు. అడిగే ఈ రాస్తున్నం, ఆయన కూడా రాయమన్నడు.

దీనికి ఎదురు మాట కూడా ఉన్నది. మా దాంట్లోనే ఒక తమ్ముడు "ఇష్టం ఇష్టం అంటున్నరు గానీ, నేను ఊరికి పోయినంక పెండ్లిల్ల ఫొటోలు తీసి బతకాలె, నాకు కంపెనీ ముఖ్యం కాదా" అన్నడు. ముఖ్యమే. కెనాన్ లెన్సు నికాన్‌కు ఎక్కదు. మీ ఊరి దిక్కు స్టూడియో వాళ్లందరి దగ్గర ఏది ఉంటే అది కొంటే లెన్సు అరువు దొరుకుతది, రిపేరు దొరుకుతది, అమ్మాలన్నా అమ్ముడుపోతది. ఇంకోటి, 2018లో కెనాన్, నికాన్ రెండూ కొత్త రకం మిర్రర్‌లెస్ కెమెరాలకు మారి, లెన్సు బిగించే తీరే మార్చినయి. పాత లెన్సు కొత్త కెమెరాకు పెట్టాలంటే నడుమ అడాప్టర్ కావాలె. కాబట్టి సెకండ్ హ్యాండ్ లెన్సు చౌకగ వచ్చిందని ఉరకకుండ్రి. ఆ తమ్మునికి కెమెరా అన్నం పెట్టే పనిముట్టు. మనలో ఎక్కువ మందికి అది ఇంటి జ్ఞాపకం. రెంటికీ లెక్క వేరు.

అందుకని మా రూములో అనుకున్న నాలుగు మాటలు ఇవి.

ఒకటి, కొనేముందు దుకాణంలో చేతిలో పట్టుకొని పది ఫొటోలు తియ్యండి. బరువు, బటన్లు, పట్టు మీ చెయ్యికి కుదిరినయా చూడండి. ఇంట్లో వాడేది మీ భార్య అయితే ఆమె చెయ్యి గుర్తుపెట్టుకోండి, వీలైతే ఆమెనే అడగండి.

రెండు, వారంటీ ఇండియాలో నడుస్తదా లేదా అని అడిగి, బిల్లు మీద రాయించుకోండి. బిల్లు పారెయ్యొద్దు.

మూడు, మెగాపిక్సెల్ లెక్క చూసి మోసపోవద్దు. ఎంత పెద్ద ఫొటో తీసినా వాట్సాప్‌లో మామూలుగ పంపితే అది చిన్నగ చేసేస్తది. హెచ్‌డీ అని నొక్కి పంపండి, లేదంటే డాక్యుమెంట్ లెక్క పంపండి.

నాలుగు, చిట్టి ఎత్తి, వడ్డీకి తెచ్చి కెమెరా కొనొద్దు. నెల జీతంలో ఇంటికి పంపంగ మిగిలిన దాంతో మూడు నాలుగు నెలల్లో కొనలేనిది అయితే, అది ఇప్పటికి మనది కాదు.

కొన్నాక ఇంకో జాగ్రత్త. ఇక్కడ కెమెరా చేతిలో ఉన్నదని ఎవరి ఫొటో అంటే వాళ్లది తియ్యరాదు. 2022 జనవరి 2 నుంచి అమల్లో ఉన్న సైబర్ చట్టం ప్రకారం, ఒప్పుకోకుండ వేరేటోళ్ల ఫొటో తీసి వాళ్ల ప్రైవసీకి భంగం కలిగిస్తే కనీసం ఆరు నెలల జైలు, లక్షన్నర నుంచి అయిదు లక్షల దిర్హాముల దాకా జరిమానా, లేదా ఈ రెంటిలో ఒకటి పడొచ్చు. మెట్రోలో, బీచ్‌లో ఆడవాళ్లు, పిల్లలు ఉన్న కాడ కెమెరా లేపకండి. సైటులో ప్రమాదం జరిగినప్పుడు వీడియో తీసి గ్రూపుల్లో పెట్టకండి. ఫొటో సరదాకు పోయి వీసా పోగొట్టుకోవద్దు.

చివరికి మా కాక మంచం కిందికే వస్తం. అక్కడ ఒక రేకు పెట్టె ఉంటది. సెలవుకు పోయినప్పుడల్ల ఆయన ఆ పాత కెమెరాతో తీసినవాటిలో 36 ఏరి స్టూడియోలో కడిగించి తెచ్చుకుంటడు. రీలు కాలం లెక్క ఇంకా పోలేదు. 36 దాటితే ఒప్పుకోడు. పెట్టెలో బిడ్డ మూడేండ్లప్పటి నుంచి ఇంటర్ దాకా వరుసగ ఉన్నది. మా ఎనిమిది మందిలో మా అందరి ఫోన్లు కలిపితే వేల ఫొటోలు ఉంటయి. ఫోన్ పగిలి, పాస్‌వర్డ్ మరిచి పోగొట్టుకున్నవి కూడా వేలల్లోనే. చేతితో పట్టుకొని చూపెట్టే ఫొటోలు ఉన్నది ఆయన ఒక్కని దగ్గరే.

కెనాన్ కొనండి, నికాన్ కొనండి, ఉన్న ఫోన్‌తోనే తియ్యండి. మీ చెయ్యి, మీ కన్ను, మీ జేబు ఒప్పుకుంటే అదే మంచి కంపెనీ. ఈసారి ఊరికి పోయినప్పుడు మాత్రం ఒక ముప్పై ఆరైనా కడిగించుకొని రండి. ఫొటోలు తీసేది మనమే కాబట్టి వాటిల్లో మనం ఉండం. కెమెరా కొంచెంసేపు పిల్లల చేతికిచ్చి, మీరు కూడా నిలబడండి.

మీ రూముల్లో ఎవరు ఏం కొన్నరు, ఏం జరిగింది కింద రాయండి. కంపెనీల మీద కొట్లాట వద్దు. మా రూములో అది అయిపోయింది.