నాన్న జనరేటర్‌లో ఆయిల్ ఎవరు చూడాలి?

నాంపల్లి క్రిమినల్ కోర్టుల దగ్గర మా నాన్నది చిన్న జిరాక్స్ షాపు. రెండేళ్ల కింద నాకు బోనస్ రాగానే ఆయనకు రెండున్నర కేవీఏ పెట్రోల్ జనరేటర్ కొనిచ్చా. ఇన్‌స్టాలో స్టోరీ కూడా పెట్టా. అక్కడితో నా డ్యూటీ అయిపోయిందనుకున్నా.

మొన్న గురువారం గాలివానకు కరెంట్ పోయింది. జనరేటర్ స్టార్ట్ అయ్యింది, రెండు నిమిషాలకు ఆగింది. మళ్లీ తాడు లాగితే మళ్లీ అంతే. అప్పుడే ఒక పెద్దమ్మ కొడుకు బెయిల్ కాగితాలు పట్టుకొని నిలబడి ఉందట. లాయర్ నాలుగింటికల్లా కాపీలు తెమ్మన్నాడట. కరెంట్ ఉన్న అవతలి గల్లీలోని షాపుకు ఆమెను నాన్నే తీసుకెళ్లాడు. "గిరాకీ పోతే పోయింది రా, ఆమె చేతులు వణుకుతున్నయ్" అన్నాడు ఫోన్లో. నేనప్పుడు ఆఫీస్ మీటింగ్‌లో మ్యూట్‌లో ఉన్నా.

ఆదివారం కోర్టు ఉండదు, షాపు బంద్. నేను వెళ్లా. ట్యాంకు నిండా పెట్రోల్ ఉంది. యూట్యూబ్ చూసి స్పార్క్ ప్లగ్ తుడిచా, ఎయిర్ ఫిల్టర్ దులిపా. చేతులు నల్లబడ్డాయి తప్ప పని కాలేదు. ఇక నాన్నకు తెలిసిన మెకానిక్ భాయ్ కోసం అబిడ్స్ దాకా నడిచా. ఫుట్‌పాత్ మీద ఎప్పట్లాగే ఆదివారం పాత పుస్తకాలు పరిచి ఉన్నాయి. వాటిలో ఓ థర్మల్ ఇంజినీరింగ్ టెక్స్ట్‌బుక్ నన్ను చూసి నవ్వినట్టు అనిపించింది. నాది సీఎస్ఈ బాబూ, నన్నొదిలెయ్.

భాయ్ వచ్చి, ముందు జనరేటర్‌ను ఫుట్‌పాత్ వాలు మీంచి సమంగా ఉన్న గచ్చు మీదికి జరిపించాడు. వాలు మీద చూస్తే లెవెల్ తప్పు చూపిస్తుందట. ఆయిల్ మూత విప్పాడు, దానికే డిప్‌స్టిక్ ఉంది. గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి తీశాడు. మా మోడల్‌లో మర తిప్పకుండా ఊరికే దించి చూడాలి. మీది ఎలాగో మాన్యువల్‌లో ఉంటుంది. కొసకు కూడా తడి లేదు.

"పెట్రోల్ అయితే పోస్తున్నరు. ఆయిల్ ఎవరు పోయాలె సార్?"

అంటే అది ఆగిపోవడం రిపేరు కాదు. ఆయిల్ తగ్గితే సెన్సర్ ఇంజిన్‌ను ఆపేస్తుంది. అది లేకపోతే పిస్టన్ పట్టేసేది. మన భాషలో క్రాష్ కాలేదు, ఎర్రర్ చూపించింది, చదివేవాడే లేడు.

ఇలాంటి చిన్న ఇంజిన్లలో చాలావాటికి ఆయిల్ ఫిల్టర్ ఉండదు. అరిగిన లోహపు పొడి ఆ కొంచెం ఆయిల్‌లోనే తిరుగుతూ ఉంటుంది. అందుకే కొత్తదానికి మొదటి 20 గంటలకే మార్చమంటారు. తర్వాత మామూలుగా 100 గంటలకో, ఆర్నెల్లకో, ఏది ముందైతే అది. 100 గంటలంటే ఎక్కువే. గంటకు 50 కి.మీ. పోయే బండికైతే అది 5,000 కి.మీ. మాది ఎంత తిరిగిందో చెప్పే మీటర్ లేదు గానీ నాన్న లెక్కల బుక్కులో పెట్రోల్ ఖర్చు ఉంది. రెండేళ్లలో 90 లీటర్లు. గంటకు లీటరు చొప్పున 90 గంటలు. ఆయిల్ మార్చింది సున్నా సార్లు. మాన్యువల్ కవర్ కూడా చింపలేదు.

మార్చడం అరగంట పని. కొంచెం కొత్త ఆయిల్ పోసి ఐదు నిమిషాలు నడిపించాడు. వేడెక్కితే పలచబడి, మురికితో సహా దిగుతుంది. ఆపేసి, కింద తట్ట పెట్టి డ్రెయిన్ బోల్టు విప్పాడు. డికాషన్ కంటే నల్లగా వచ్చింది. పాలలా తెల్లగా వస్తే నీళ్లు కలిసినట్టట, మాకు ఆ గండం లేదు. బోల్టు, వాషర్ బిగించి 10డబ్ల్యూ-30 ఆయిల్ మూతి అంచు దాకా పోశాడు. 600 మి.లీ. పట్టింది. ఎక్కువైనా తంటానే, పొగ పెడుతుంది. పాత ఆయిల్‌ను నాలాలో పోయబోతే నా చెయ్యి పట్టుకున్నాడు. అది మూసీకే పోతుంది. డబ్బాలో పట్టి, వాడిన ఆయిల్ తీసుకునేవాళ్లకు ఇస్తానన్నాడు. పోతూ ఇంకో మాట చెప్పాడు. వాన పడుతోందని షట్టర్ లోపల పెట్టి నడపొద్దట, ఆ పొగలో వాసన తెలియని విషవాయువు ఉంటుంది.

తాడు ఒక్కసారి లాగగానే అందుకుంది.

"ఆయిల్ సంగతి నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

"కొన్నది నువ్వు. నువ్వే చూసుకుంటవనుకున్న. అడుగుదామంటే నువ్వు ఎప్పుడూ మీటింగ్‌లనే ఉంటవ్."

నేనేమో ఆయనే చూసుకుంటాడనుకున్నా. మార్కర్‌తో జనరేటర్ మీద తేదీ రాశా. కరెంట్ పోయి నడిపిన ప్రతిసారీ ఎంతసేపో లెక్కల బుక్కులో రాయమన్నా. నిన్న నాన్న వాట్సాప్‌లో డిప్‌స్టిక్ ఫొటో పంపాడు. అంతా బ్లర్, ఆయిల్ కంటే ఆయన బొటనవేలే ఎక్కువ కనిపిస్తోంది. వెలుతురులోకి తెచ్చి మళ్లీ తీయమని ఫోన్ చేశా. ఈసారి మీటింగ్ మధ్యలోనే.